కుండీలోని తులసి ఎందుకు ఎండిపోతుంది?

దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్.బి.నగర్ వరకు మన భక్తులలో అనేకులు నేడు అపార్టుమెంట్లలో నివసిస్తున్నారు. పెరడు లేదు, బాల్కనీలోని నాలుగడుగుల చోటే బృందావనం. "పంతులుగారూ, తులసమ్మ ఎండిపోయింది. ఇంటికి కీడా?" అని గృహిణులు కలవరంతో నన్ను అడుగుతుంటారు. కీడు కాదు తల్లీ. కుండీలోని తులసి రెండు మూడేళ్లకు కాండం కట్టెబారి క్షీణించడం స్వభావసిద్ధం. అంతకుముందే ఎండిపోతే కారణం తరచుగా మన చేతిలోని చెంబే.

ఇంటిల్లిపాదీ తలా ఒక చెంబు పోస్తే పెరటి నేల ఇంకించుకునేది. రంధ్రం లేని కుండీ, రంధ్రమున్నా కింద పళ్లెంలో నీరు నిలిచే కుండీ ఆ పని చేయలేవు. గాలి ఆడక వేళ్లు కుళ్లుతాయి, ఆకులు వాడుతాయి. అది దాహమనుకొని మనం మరింత పోస్తాం! మట్టిలోకి అంగుళం లోతు వేలు దించి చూడండి. తడి తగిలితే ఆ రోజుకు ఉద్ధరిణెడు నీరు సమర్పిస్తే చాలు. శ్రావణ భాద్రపదాల వానల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. పాలు, నూనె మొదట్లో పోయవద్దు. పసుపు కుంకుమలు కోట గోడకు అలంకరించండి. దీపం కొమ్మలకు జానెడు దూరంలో ఉండాలి.

ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలపండి. మెత్తని నేల సకల వృక్షాలకూ హితమని వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయంలో చెప్పాడు. నువ్వులు చల్లి, పూత రాగానే ఆ మొక్కలను అక్కడే నలిపివేయమన్నాడు. నేటివారు పచ్చిరొట్ట ఎరువు అనేది అదే. కుండీకి అంత శ్రమ అక్కరలేదు.

తూర్పు బాల్కనీ శ్రేష్ఠం; నాలుగైదు గంటల ఎండ కావాలి. గింజ పట్టితే మొక్క బలం అటు పోతుంది కనుక మంజరులను ఎప్పటికప్పుడు తుంచి అర్చనకు వినియోగించండి. ద్వాదశినాడు తులసి కోయరాదన్న నియమం ఎలాగూ ఉన్నదే.

తులసి నిలదొక్కుకున్నాక తక్కినవి సులభం. సరూర్‌నగర్ రైతుబజారులో కొన్న పుదీనకట్టలోని ముదురు కాడలను నీటిలో ఉంచితే వారం పది రోజులలో వేళ్లు వస్తాయి. దానికి వేరే కుండీ ఇవ్వండి, పొరుగు మొక్కను బ్రతకనివ్వదు. ధనియాలను బద్దలుగా నలిపి, రాత్రి నానబెట్టి, నేరుగా కుండీలోనే చల్లాలి. కొత్తిమీర నారు తీసి నాటితే ఓర్వదు. కార్తీకం నుండి మాఘం వరకు దానికి మంచికాలం. వాము ఆకుకు చిన్న కొమ్మ చాలు. పేరు అలా ఉన్నా వంటింటి వాము ఆ మొక్కది కాదు.

నర్సరీ మొక్కకు మందు చల్లి ఉండవచ్చు. తెచ్చిన మూడు వారాల దాకా ఆ ఆకులను కషాయానికి వాడకండి. పిండినల్లి కనబడితే వేపనూనెను సబ్బునీటిలో కలిపి చల్లండి.

తులసి ముదురుతున్నదని తోచగానే రెండు మంజరులను ఎండనిచ్చి విత్తనాలు తీయండి. ఆవాలకన్నా చిన్నవి, పైపైన చల్లి తడి ఆరనీయకుంటే చాలు. పాత మొక్క ఎండిన పిమ్మట ఆ కాష్ఠాన్ని చెత్తబండిలో వేయవద్దు. కాండం జపమాల పూసలకు, పుల్లలు హోమానికి పనికివస్తాయి.