ఆటిజం పిల్లలకు పంటి నొప్పి.. నోటితో చెప్పలేరు, ఈ గుర్తులే చెబుతాయి!

ఆటిజం ఉన్న పిల్లాడు ఉన్నట్టుండి అన్నం మానేశాడా? చెంప మీద కొట్టుకుంటున్నాడా? రాత్రిళ్లు లేచి ఏడుస్తున్నాడా? ‘ఆటిజం కదా, అంతేలే’ అని వదిలేయొద్దు. ఒకసారి నోరు తెరిపించి చూడాలి. నొప్పిని మాటల్లో చెప్పలేని పిల్లలు ఇలాగే చూపిస్తారు.

నిజానికి ఆటిజం వల్ల పళ్లు పుచ్చిపోవు. చిక్కంతా తోమడం దగ్గరే. బ్రష్ గరుకుదనం, పేస్ట్ ఘాటు, నురగ.. ఇవి చాలామంది ఆటిజం పిల్లలకు భరించలేనంతగా ఉంటాయి. దానికి తోడు ముద్దను బుగ్గలో దాచుకోవడం, బుజ్జగించడానికి ఇచ్చే చాక్లెట్లు, తీపి సిరప్‌లు పుచ్చుకు దారి తీస్తాయి.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం మరో పరీక్ష. శ్రీశైలం హైవే మీదున్న పహాడీ షరీఫ్ నుంచి అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్లాలంటే పాతబస్తీ ట్రాఫిక్ దాటాలి. హారన్లు, జనం, ఓపీ క్యూ.. కుర్చీ ఎక్కేలోపే పిల్లాడు బెదిరిపోతాడు. అందుకే ఇంట్లో జాగ్రత్తే సగం వైద్యం.

ఇంట్లో ఏం చేయాలి?

* మొదట బ్రష్‌ను చేతికిచ్చి ఆడుకోనివ్వాలి. తర్వాత పెదవికి, ఆపై ముందు పళ్లకు తాకించాలి. రోజుకు కొన్ని సెకన్లు పెంచుతూ పోవాలి.
* రోజూ అదే సమయం, అదే చోటు. వరుసగా ఏం చేయాలో బొమ్మలతో గోడకు అతికిస్తే ఇంకా మంచిది.
* ఫ్లోరైడ్ పేస్ట్ మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత, 3 నుంచి 6 ఏళ్ల వారికి బఠాణీ గింజంత చాలు. ఘాటు పడకపోతే వేరే రుచి చూడాలి.
* మెచ్చుకోలుగా చాక్లెట్ బదులు ఇష్టమైన ఆట లేదా బొమ్మ ఇవ్వాలి.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు..

నొప్పి వచ్చేదాకా ఆగొద్దు. మొదటిసారి చికిత్స లేకుండా కుర్చీ, లైటు చూపించి తీసుకొచ్చేయడం మేలు. శబ్దం పడదా, వెలుగు పడదా, వాడుతున్న మందులేంటి.. అన్నీ డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్ వల్ల చిగుళ్లు ఉబ్బే అవకాశం ఉంది. అలాగని మందు సొంతంగా ఆపకూడదు.

ఖర్చు మాటేంటి? నేషనల్ ట్రస్ట్ ‘నిరామయ’ బీమా ఆటిజం ఉన్నవారికీ వర్తిస్తుంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు కవరేజీ ఉంటుంది. వైకల్య ధ్రువపత్రంతో దరఖాస్తు చేసుకోవచ్చు.

ముఖం వాచినా, పంటి నొప్పితో పాటు జ్వరం వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.