వెంట వచ్చే ఉసురు: ఒక హౌసా దాంపత్య కథ, నవలలోను తెరపైని

దాంపత్య ద్రోహం ప్రపంచ సాహిత్యంలో ఎంత పాత ఇతివృత్తమో అంత చిక్కయిన ఇతివృత్తం కూడ. ద్రోహం ఎక్కడ మొదలవుతుందో నిర్ణయించేది ఆయా సమాజాల వివాహధర్మం. ఏకపత్నీవ్రతం ఆదర్శమైన చోట పరస్త్రీగమనమే ద్రోహం. నలుగురు భార్యలను స్వీకరించే అనుమతి పురుషునికి ధర్మశాస్త్రమే ఇచ్చిన చోట ఆ మాటకు అర్థమేమిటి? రెండవ పెండ్లి నేరం కానప్పుడు మొదటి భార్యకు కలిగిన గాయాన్ని ఏ పేరుతో పిలవాలి? ఉత్తర నైజీరియాలోని కానో నగరంనుంచి వెలువడిన ఒక హౌసా నవల ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నది. దాని పేరు ‘అల్హాకీ కుయ్‌కుయో నే’. బలరాబా రమత్ యాకుబూ రచించిన ఈ నవల 1990లో వచ్చినది. 1998లో అబ్దుల్‌కరీం మొహమ్మద్ దానిని చలనచిత్రంగా తీసినాడు.

ఈ రచన పుట్టిన నేలను గురించి కొంత తెలుసుకోవలసి ఉన్నది. హౌసా పశ్చిమాఫ్రికాలో కోట్లమంది మాట్లాడే భాష. అరబ్బీ లిపిలో దానికి పాత రచనా సంప్రదాయం కలదు. ఆధునిక నవల మాత్రం వలస ప్రభుత్వపు పూనికతో మొదలైనది. 1933లో రూపర్ట్ ఈస్ట్ అనే అధికారి ఒక రచనల పోటీని నిర్వహించినాడు. అందులో నెగ్గినవారిలో ‘రువన్ బగాజా’ రచయిత అబూబకర్ ఇమామ్ ఒకడు, ‘షైహు ఉమర్’ రచయిత అబూబకర్ తఫావా బలేవా మరొకడు. ఈ రెండవవాడే తరువాత స్వతంత్ర నైజీరియాకు తొలి ప్రధానమంత్రి అయినాడు. ఆ తొలితరం రచనలు పురుషుల సాహస యాత్రలను, నీతిబోధను చెప్పినవి. ఇల్లాలి వంటగది వాటికి కథావస్తువు కాలేదు.

ఆ లోటు తీరడానికి అర్ధశతాబ్దం పట్టినది. 1980ల నడిమినుంచి కానో బజారులలో ‘సోయయ్యా’, అనగా ప్రేమసాహిత్యం, అనే పేరుతో చిన్న చిన్న నవలలు వెల్లువగా రాసాగినవి. రచయితలే సొంత డబ్బుతో అచ్చువేయించి, చౌకవెలకు బజారు దుకాణాలలో అమ్మించేవారు. చదివేవారిలో అధిక సంఖ్యాకులు స్త్రీలు. రాసేవారిలోను స్త్రీలు చాలామంది. ప్రేమ, బలవంతపు పెండ్లి, సవతుల పోరు, ఆడపిల్ల చదువు వారికి ఇష్టమైన వస్తువులు. పండితులు వాటిని చులకనగా చూచినారు. 1960, 70లలో తెలుగు వారపత్రికల ద్వారా లక్షల పాఠకురాండ్రను సంపాదించుకున్న రచయిత్రుల నవలలకు కూడ ఇటువంటి చులకనే ఎదురైనది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా తెరకెక్కినట్లే, కానో నవలలు కూడ త్వరలోనే తెరవైపు నడిచినవి.

యాకుబూ ఆ తరంలో ప్రముఖురాలు. 1975–76లలో నైజీరియాను పాలించి హత్యకు గురైన జనరల్ మూర్తలా మొహమ్మద్‌కు ఆమె చెల్లెలు. గొప్ప కుటుంబంలో పుట్టినంతమాత్రాన ఆడపిల్ల కష్టం ఆమెకు తప్పలేదు. బాల్యంలోనే బడి మానిపించి, వయసులో ఎంతో పెద్దవానికి ఇచ్చి పెండ్లిచేసినారు. ఆ సంసారం నిలవలేదు. పిదప వయోజన విద్యాలయంలో చేరి అక్షరాలు నేర్చి రచయిత్రి అయినది. ఆమె మరొక నవల పేరే ‘చదువురాని పిల్లను ఎవరు పెండ్లాడతారు?’ అన్న అర్థాన్ని ఇస్తుంది.

‘అల్హాకీ’ కథ క్లుప్తంగా ఇది. అల్హాజీ అబ్దు కానోలో వర్తకుడు. భార్య రాబీ, పిల్లలు తొమ్మిదిమంది. బయట స్త్రీలకు ధారాళంగా ఖర్చుపెట్టే ఈ పెద్దమనిషి ఇంటి గింజలవద్ద మాత్రం పిసినిగొట్టు. చివరకు డెలూ అనే వయసుమళ్లిన వేశ్యను రెండవ భార్యగా ఇంటికి తెచ్చుకుంటాడు. ఆడవాళ్లిద్దరికీ పోరు రేగుతుంది. అబ్దు రాబీని తొమ్మిదిమంది పిల్లలతో సహా వీధిలోకి వెళ్లగొడతాడు. ఆమె వండిన పదార్థాలు అమ్మి బిడ్డలను పోషిస్తుంది. క్రమంగా తన కాళ్లమీద తాను నిలుస్తుంది. కూతురు సౌదాతును ఒక సంపన్నుడు పెండ్లాడతాడు. అటు అబ్దు వ్యాపారం కూలిపోతుంది; సంపద పోయిన తరువాత ఆ కొత్త సంసారమూ నిలవదు. అప్పుడు అతనికి రాబీ గుర్తుకు వస్తుంది. మళ్లీ కాపురానికి పొమ్మని అయినవారు రాబీని ఒత్తిడి చేస్తారు. భర్త లేని ఆ కాలంలో సంపాదించుకున్న స్వాతంత్ర్యాన్ని ఆమె మనస్ఫూర్తిగా వదులుకోలేదు.

నవలలోని అసలు తగవు ఇక్కడే ఉన్నది. అబ్దు రెండవ పెండ్లి చేసుకొనడం ఆ సమాజపు శాసనం దృష్టిలో తప్పు కాదు. అయితే అదే శాసనం భార్యలందరినీ సమంగా చూడమనీ, అన్నవస్త్రాలకు లోటురానీయవద్దనీ విధించినది. అనుమతిని పుచ్చుకొని విధిని విడిచిపెట్టడమే అబ్దు ద్రోహం. అందుచేత రచయిత్రి ధర్మాన్ని ధిక్కరించడం లేదు. ధర్మాన్ని సాక్షిగా నిలబెట్టి పురుషుని ప్రశ్నిస్తున్నది. తిరుగుబాటు కంటె ఈ పద్ధతిని తోసిపుచ్చడం పెద్దలకు మరింత కష్టం. సవతిని హౌసాలో ‘కీషియా’ అంటారు. ‘కీషీ’ అంటే అసూయ. సంబంధం పేరులోనే మంటను దాచుకున్న ఆ భాషలో, ఆ మంటకు కారణం ఆడదాని స్వభావం కాదు, మగవాని అన్యాయమని చూపడం ఈ నవల సాధించిన విషయం.

ఇటువంటి కథ తెరకెక్కడంవల్ల కలిగిన మార్పును తక్కువగా అంచనా వేయరాదు. హౌసా పట్టణాలలో చాలమంది గృహిణులు ‘కుల్లే’ అనే ఘోషాలో ఉంటారు. ఆ మాటకు తాళంవేయడమని అర్థం. సినిమాహాలు వారికి చోటు కాదు. 1990లో ‘తుర్మిన్ దన్యా’తో కానోలో మొదలైన వీడియో చిత్రాలు క్యాసెట్టు రూపంలో నేరుగా ఇంటిలోకి వచ్చినవి. అక్షరం రాని తల్లి, చదువుకున్న కూతురు, సవతులు ఒకే గదిలో కూర్చుండి ఒకే కథను చూడగలిగినారు. నవల ఒంటరిగా చదువుకొనేది; చిత్రం నలుగురిలో వాదనకు పెట్టేది. ఈ పరిశ్రమకు 1999లో ఒక హౌసా పత్రిక ‘కానీవుడ్’ అని పేరు పెట్టినది. లేగోస్ చిత్రాలకు ‘నాలీవుడ్’ అన్న పేరు ప్రచారంలోకి వచ్చినది అటు తరువాతనే.

హిందీ చిత్రాలకు కూడ కానోలో 1950లనుంచి గొప్ప ఆదరణ ఉన్నది. 1957నాటి ‘మదర్ ఇండియా’ను అక్కడ దశాబ్దాలపాటు ప్రదర్శించినారు. భాష తెలియకపోయినా బిడ్డలతో ఒంటరిదైన తల్లి బరువు వారికి తెలిసినది. రాబీ కథను ఆదరించిన ప్రేక్షకులకు ఆ తల్లి అపరిచిత కాదు.

ఆదరణతోబాటు ఆగ్రహమూ వచ్చినది. 2000లో కానో రాష్ట్రం షరియా శాసనాన్ని చేపట్టినది. 2001లో చిత్రాల పరిశీలనకు మండలి ఏర్పడినది. 2007లో రాష్ట్ర గవర్నరు ఒక బాలికల పాఠశాలలో సోయయ్యా పుస్తకాలను బహిరంగంగా తగలబెట్టినాడు. బజారు పుస్తకమని పండితులు తీసివేసిన దానిని ప్రభుత్వం మంటలో వేయవలసినంత బలమైనదిగా గుర్తించినదన్నమాట.

ఇక పేరు విషయం. ‘అల్హాకీ’ కుక్కపిల్ల వంటిది, యజమాని వెంటే పోతుందని హౌసా సామెత. చెన్నైలోని బ్లాఫ్ట్ సంస్థ 2012లో ప్రచురించిన అలియూ కమాల్ ఇంగ్లీషు అనువాదం ఆ మాటకు పాపమన్న అర్థాన్ని తీసుకున్నది. తమిళ బజారు కథలను ఇంగ్లీషులో వెలువరించిన సంస్థే హౌసా బజారు నవలను కూడ లోకానికి అందించడం ముచ్చటైన విషయం. కాని ‘పాపం’ అన్న మాట దేవునికి, మనిషికి నడుమ లెక్కను సూచిస్తుంది. అల్హాకీ మూలం అరబ్బీలోని ‘హక్క్’. పారసీక, ఉర్దూల మీదుగా తెలుగులో ‘హక్కు’ అయిన మాట అదే. ఒకరి హక్కును కాలరాచినవాని మీద పడి, విడవకుండా వెన్నాడే ఋణం అల్హాకీ. దీనికి తెలుగులో సిద్ధంగా ఉన్న మాట ‘ఉసురు’. ఉసురు దేవుడు వేసే శిక్ష కాదు. ఏడిపించబడిన మనిషి ఊపిరి పోయి ఏడిపించినవానికి తగలడం. తొమ్మిదిమంది బిడ్డలతో గడప దాటిన రాబీ నోరెత్తి శపించనక్కరలేదు. ఆమె ఉసురు కుక్కపిల్లవలె అబ్దు వెంటే నడుస్తుంది.

ఇంగ్లీషు ద్వారా ఇతర దేశాల సాహిత్యాన్ని తెచ్చుకొనే తెలుగు అనువాదకులకు ఇందులో ఒక సూచన ఉన్నది. మధ్యవర్తి భాషలో పలుచబడిన మాట కొన్నిసార్లు గమ్యభాషలోనే చిక్కగా దొరుకుతుంది. అందుకు మూలంలోని మాటను వెదకి పట్టుకోవలె; ఆపైన తన ఇంటి ఆడవారి నోటిమాటను చెవిపెట్టి వినవలె. కానోలోని రాబీ తెలుగులోకి రాదలచినప్పుడు ఆమెకు నిఘంటువులోని మాటకంటె ముందు ఆ నోటిమాటే ఆశ్రయమిస్తుంది.