మూసీనదీ నామవిచారము

హైదరాబాదు నగరమును రెండుగాఁ జీల్చి పాఱు మూసీనదికి ముచుకుంద యని సంస్కృతనామ మొకటి గలదు. ఈ రెంటిలో నేది ప్రకృతి, యేది వికృతి యనునది యిచ్చట విచార్యము.

ఈ నది వికారాబాదు చెంతనున్న యనంతగిరి కొండలఁ బుట్టి, యించుమించు 240 కిలోమీటర్లు ప్రవహించి, నల్లగొండ మండలమందలి వాడపల్లికడఁ గృష్ణలోఁ గలియుచున్నది. మాంధాతృపుత్రుఁడగు ముచుకుందుఁడు నిద్రించిన గుహ యా కొండలలోనిదే యనియు, నాతని పేరనే నదికిఁ బేరు గలిగెననియు స్థలపురాణము. శబ్దసిద్ధి కిది చాలునా? ముచుకుందశబ్దము మూసీ యగుటకు ఉత్తరభాగము లోపింపవలయును. ఉకారము దీర్ఘము గావలయును. చకారము సకారము గావలయును. కడపటిదానికి గసడదవాదేశమును జూపువారు గలరు. ఆ యాదేశము ప్రథమావిభక్త్యంతమునకుఁ బరమైన పరుషములకు విధింపఁబడినది. వాఁడు సనియె నన్నచోఁ జెల్లును. పదమధ్యమునకు దానిని లాగుట బలాత్కారము. మూయుధాతువుయొక్క క్త్వార్థకరూపమగు మూసి యనుదానిని జూపుట మఱియు నగుఁబాటు.

మఱికొందఱు దీనిని ఉర్దూలోని మూసాశబ్దమునుండి పుట్టిన దందురు. లంగరుహౌజు సమీపమున దీనిఁ గలియు పాయకు ఈసీ యని పేరుండుట వారికి బలము. మూసా యన మోషే, ఈసా యన యేసు. శిశువగు మూసాను నైలునదిలో విడిచిన కథయు వారు స్మరింతురు. ఆ నైలునకును దెల్లనైలు, నీలినైలు నని ఖార్టూముకడఁ గలియు రెండు పాయలు గలవు. కాని యచ్చటి జంటపేళ్లు నీటివన్నెనుబట్టి వచ్చినవి. ఇచ్చట నట్టి గుణభేదము లేదు. కావున నొకపేరు పూర్వసిద్ధము, రెండవది దాని జతకై కల్పితము. కృష్ణాసంగమమువఱకు నిలిచిన పేరు మూసీయే కాన నదియే పూర్వసిద్ధ మనియు, ముచుకుంద పండితులు దానికిఁ దొడిగిన తొడుగనియు నా మతము. మా హుస్సేనీ ఆలము ప్రక్కనే మూసాబౌలి యను వాడ గలదు; దానినిబట్టి నదిపేరు నిశ్చయింపఁ జనదు. ప్రవక్తనామములు మనుష్యులకును సామాన్యములే కదా. కుతుబుషాహీలకుఁ బూర్వమందలి శాసనరూపమే యిందు గట్టి ప్రమాణము గాఁదగును. అంతవఱకుఁ బాఠశాలలయందు ముచుకుందకథను స్థలపురాణముగాఁ జెప్పవచ్చును గాని వ్యుత్పత్తిగాఁ జెప్పరాదు.

నదిచరిత్రమున నిట్టి సందేహములు లేవు. మాకుఁ జేరువనున్న పురానాపూలు 1578లో ఇబ్రహీం కుతుబుషా కట్టించినది. 1591లో వెలసిన నగరముకంటె వంతెనయే పెద్దది. 1908 సెప్టెంబరు 28వ తేదీ వఱదలో సుమారు 15,000 మంది మరణించి రందురు. పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి, వారి సూచన ననుసరించి నగరమునకుఁ బైని నీటి నాపు జలాశయములు గట్టిరి. 1920లోఁ బూర్తియైన ఉస్మానుసాగరము మూసీమీఁదిది. 1927లోఁ బూర్తియైన హిమాయత్‌సాగరము ఈసీమీఁదిది.