కరువు దిద్దిన ప్రతి

జొన్న మొండి పైరు అని మా బాన్సువాడ ప్రాంతపు పెద్దలు అంటారు. ఎండకు ఓర్చుకొనుట అది అలవాటు చేసికొన్నదనియు, కష్టమే దానికి పాఠము నేర్పినదనియు కూడ అంటారు. ఈ మాటలో సగము నిజమున్నది, సగము లేదు. ఆ లేని సగమును గూర్చియే ఈ నాలుగు మాటలు.

నడి మధ్యాహ్నము జొన్నచేని గట్టున నిలిచి చూచిన వారికి ఆకులు గొట్టమువలె చుట్టుకొనియుండుట కనిపించును. వేళ్ళకు తడి తగ్గగానే అబ్సిసిక్ ఆమ్లమనే పదార్థము మొక్కలో హెచ్చును. అది ఆకులమీది సూక్ష్మ రంధ్రములను మూయించును. లోపలి నీరు ఆవిరియై పోవుట తగ్గును. మంచి వాన పడినచో ఆకు మరల విచ్చుకొనును. ఇది ఆ మొక్క తన ఒక్క జీవితములో చేసికొనే సర్దుబాటు. దాని గింజనుండి పుట్టే మొక్క తల్లినుండి ఈ నేర్పును పొందునే గాని, తల్లి ఎంత ఎండకు ఎండినదో ఆ లెక్క దానికి చాలవరకు అందదు. అట్లయితే ఒకే ఎండలో ఒక జొన్న కంకి పట్టి, పక్కనున్న మరొక జొన్న మాడిపోవుటకు కారణమేమి? రెండు గింజలలో వ్రాసియున్న వ్రాత వేరు.

తెలుగు పాఠములు చెప్పుకొనే వానికి ఈ వ్రాత అనే మాట చాల దగ్గరిది. అచ్చుయంత్రము రాకపూర్వము మన కావ్యములు తాటాకులమీద ఒక లేఖకుని చేతినుండి మరొక లేఖకుని చేతికి నడచి వచ్చినవి. ఎంత శ్రద్ధగా వ్రాసినను ఎక్కడో ఒక అక్షరము జారును, ఒక పాదము రెండుమార్లు పడును, మధ్యలో ఎవరిదో పద్యమొకటి దూరును. మొక్క జన్యురాశి కూడ అట్టి ప్రతియే. దాని లిపిలో నాలుగే అక్షరములు. జొన్న ప్రతిని శాస్త్రజ్ఞులు చదివి 2009లో ప్రకటించినారు. అందులో సుమారు 73 కోట్ల అక్షరములున్నవి. వరి ప్రతి అందులో సగముకన్న కొంచెము ఎక్కువ. జొన్న ప్రతిలో నూటికి అరవై పాళ్ళు మరల మరల వచ్చే తునకలే. మా భాషలో చెప్పవలెనంటే ప్రక్షిప్తములు. వీనిలో పెక్కింటికి ఒకచోటినుండి లేచి మరొకచోట దూరే స్వభావమున్నది. అట్టి తునకలను మొదట మొక్కజొన్న గింజల రంగుమచ్చలను బట్టి కనిపెట్టినది బార్బరా మెక్లింటాక్ అనే అమెరికా విదుషి. 1940ల చివర ఆమె చెప్పిన మాటను నమ్మినవారు తక్కువ. 1983లో అదే మాటకు నోబెల్ బహుమానము వచ్చినది. మొక్కకు గట్టి దెబ్బ తగిలినపుడు ఈ తునకలలో అలజడి హెచ్చగలదని కూడ ఆమె చెప్పినది. కష్టకాలమున లేఖకుని చేయి వణకునన్న మాట. కాని వణకిన చేయి ఏ అక్షరమును తప్పవలెనో కష్టము నిర్ణయింపదు.

ఇక్కడ కొంచెము లెక్క అవసరము. ఆవాల వంశమునకు చెందిన ఆరబిడాప్సిస్ అనే చిన్న మొక్కమీద జరిగిన పరిశోధన 2010లో వెలువడినది. తరమునకు సుమారు 14 కోట్ల అక్షరములలో ఒకటి మారుచున్నదని అందు తేలినది. అదే లెక్కను జొన్నకు పెట్టినచో ఒక్కొక్క ప్రతిలో తరమునకు అయిదు అక్షరములు మారవలెను. యాసంగి జొన్న ఎకరమునకు డెబ్బై వేల మొక్కలనుకొన్నచో, ఒక్క ఎకరములో ఒక్క పంటకు మూడున్నర లక్షలకు పైగా కొత్త పాఠభేదములు! వీనిలో చాలవాటివలన మేలును లేదు, కీడును లేదు. కొన్ని మొక్కను చంపును. ఏ లక్షకొకటియో ఏదో ఒకనాటికి పనికివచ్చును. ఆ మార్పు కరువు వచ్చిన తరువాత కరువుకోసము పుట్టినది కాదు, అంతకుముందే చేనిలో ఎవరికిని పట్టక పడియున్నది. సూక్ష్మజీవుల విషయమున ఈ సత్యమును లూరియా, డెల్‌బ్రూక్ అనే ఇద్దరు 1943లోనే నిరూపించినారు. జన్యురాశిలో ముఖ్యమైన భాగములందు తప్పులు తక్కువగా పడుచున్నవని 2022లో ఒక పరిశోధన ప్రకటితమైనది. దానిమీద వాదోపవాదములు చెలరేగినవి. అది నిజమే అయినను, అవసరమును బట్టి తప్పు పడునని దాని అర్థము కాదు.

ఒక్క మార్పు ఎంత పని చేయగలదో చూడవలెనంటే జొన్న దంటును ముట్టుకొనినచో చాలును. దానిమీద తెల్లని బూడిదవంటి పొడి వ్రేలికి అంటును. అది మైనము, మొక్క ఒంటికి పూసికొన్న నీటికాపు. 1990లలో అమెరికా పరిశోధకులు రసాయనములతో ఉత్పరివర్తనము కలిగించి ఈ బూడిద లేని జొన్నలను పుట్టించి పరీక్షించినారు. వాని చర్మమునుండి నీరు ఎక్కువగా పోయినది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ ముందుండి, వివిధ దేశముల శాస్త్రజ్ఞులతో కలిసి 2017లో సజ్జ జన్యురాశిని వెలువరించినది. 179 కోట్ల అక్షరముల ఆ ప్రతిలో మైనమును తయారుచేయు జన్యువులు అధికముగా ఉన్నట్లు కనబడినది. రాజస్థాన్ ఇసుకలో సజ్జ ఎట్లు నిలుచునో కొంత ఇట్లు తెలిసినది.

వరి మాట కూడ చెప్పకపోతే మా ఊరివారు ఊరుకొనరు. 2013లో జపాను శాస్త్రజ్ఞులు వరివేరు లోతుకు దిగుటకు కారణమైన జన్యువొకటి కనుగొన్నారు. ఫిలిప్పీన్సు మెట్టవరిలో అది పూర్ణముగా ఉన్నది. ఐ.ఆర్. 64 అనే ప్రసిద్ధ వంగడములో మాత్రము దాని నడుమ ఒక్క అక్షరము జారిపోయినది. ఆ ఒక్క అక్షరముతో వాక్యము మధ్యలోనే తెగినది. వేరు లోతుకు పోక పక్కలకు పరచుకొన్నది. ఐ.ఆర్. 64 మన రైతుకు పరాయిది కాదు, తెలంగాణలో విరివిగా పండిన ఎం.టి.యు. 1010 వరికి అది జనకులలో ఒకటి. నీరు నిలిచిన మడిలో లోతు వేరుతో పనియేమి? కాలువ పారినంతకాలము ఆ తప్పు తప్పుగా కనబడదు. కాలువ ఎండిన ఏడే అది బయటపడును. తప్పేదో ఒప్పేదో వ్రాతను బట్టి తేలదు, నేలను బట్టియు వానను బట్టియు తేలవలసినదే.

పరిష్కర్త పని చేసినది కరువు. అయితే అది ఒంటరిగా చేయలేదు. సుమారు నాలుగు వేల ఏండ్ల కిందట ఆఫ్రికానుండి మన దేశమునకు వచ్చినదని చెప్పే జొన్నను ఏటేట ఏరినది రైతు ఇల్లాలు. వానలు ఎగబెట్టిన ఏట ఏ కంకి గింజ నిండుగా పోసికొన్నదో దానిని వేరుగా తీసి, ఎండబెట్టి, బూడిదయు వేపాకును కలిపి కుండలో దాచినది. పచ్చజొన్న రొట్టెకు, తెల్లజొన్న గటకకు, ఎత్తైన జొన్న పశువుల చొప్పకు అని ఆమెకు వేరే లెక్కలున్నవి. దక్కను నల్లరేగడులలో పేరు మోసిన మాల్దండి జొన్న ఇట్టిదే. సోలాపురము జిల్లా మోహోళ్‌లో రైతుల జొన్ననుండి ఏరిన ఎం. 35-1 అనే రకమది. దానిని ప్రయోగశాలలో ఎవరును పుట్టించలేదు. ఇథియోపియా రైతుల జొన్ననుండి వచ్చిన మరొక రకములో, గింజ పాలుపోసికొనే వేళ నీరు చాలకున్నను ఆకు పచ్చగానే నిలిచే గుణము కనబడినది. దాని మర్మమును పరిశీలింపగా ఆ మొక్క మొదట పొదుపరి అని తేలినది. పిలకలు తక్కువ వేసి, ఆకు వైశాల్యము తగ్గించి, నేలలోని తడిని పూతవరకు మిగుల్చుకొనును. పటాన్‌చెరులో రెండు మీటర్ల పొడవైన గొట్టములలో మట్టి నింపి, అందు జొన్న పెంచి, గొట్టములను తూచి ఏ మొక్క ఏ వారము ఎంత నీరు త్రాగినదో లెక్క కట్టినారు. ఏ ఇల్లాలును ఇట్టి తక్కెడ పట్టలేదు, అయినను ఏరిక మాత్రము సరిగానే జరిగినది.

మంజీరకు అడ్డముగా 1923లో ఆరంభించి 1931లో పూర్తిచేసిన నిజాంసాగరు మా ప్రాంతపు బ్రతుకును మార్చినది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు దానికి రూపశిల్పి. కాలువ కింద వరియు చెరకును వచ్చినవి. జొన్న కుండ అటకెక్కినది. కాలువ అందని జుక్కల్, మద్నూర్ రేగడులలో కూడ సోయా, పత్తి వచ్చి జొన్నను చాలవరకు పక్కకు నెట్టినవి. దీనికి రైతును తప్పుపట్టుట అన్యాయము. గటకకన్న సన్నబియ్యము ఎవరికి చేదు? కాని ఎగువ సింగూరు కట్టి మంజీర నీటిని భాగ్యనగరమునకు మళ్ళించిన తరువాత నిజాంసాగరుకు నిండే ఏళ్ళు తగ్గినవి. 2015లో రెండు జలాశయములును అడుగంటినవి. ఆ ఏట జొన్న వేయుదమనుకొన్నవానికి అంగడి విత్తనము దొరకవచ్చును. తన తాత చేనిలో వందల ఏండ్లు దిద్దుబాటైన విత్తనము మాత్రము దొరకదు. జహీరాబాదు ప్రాంతపు గ్రామములలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా రైతులు పాత చిరుధాన్యముల విత్తనములను నేటికిని విత్తుచు దాచుచున్నారు. వారికి 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము లభించినది.

పటాన్‌చెరు విత్తననిధిలో లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలు చల్లని గదులలో ఉన్నవి. జొన్నలే నలుబది వేలకు మించును. అది గొప్ప భాండాగారమే, సందేహము లేదు. తంజావూరు సరస్వతీ మహలు లేకున్న మన సారస్వతమెంత మిగిలియుండెడిది? అయితే చలిలో నిద్రించే గింజకు కొత్త పాఠభేదము కలుగుట బహు అరుదు. కలిగినను దానిని పరీక్షించువారు లేరు. వేడెక్కుచున్న నేటి ఎండలను ఆ గింజ చూడలేదు. నిలువ గింజల మొలకశక్తి తగ్గినపుడు వానిని బయటికి తీసి, యాసంగిలో మడులలో విత్తి, పక్క రకపు పుప్పొడి తగులకుండ కంకులకు సంచులు తొడిగి, పండిన గింజను మరల గదికి చేర్చెదరు. ఉన్నది ఉన్నట్లు నిలుపుటయే అక్కడి పని గనుక, ఆ మడులకు నీటి కొరత రానీయరు.