కిడ్నీ ముక్క పరీక్షంటే భయమెందుకు?

మొన్న మా ఆస్పత్రిలో ఒక తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "కిడ్నీలోంచి ముక్క తీస్తే ఉన్నది కూడా పాడవుతుందటండీ. మందులతోనే నయం చెయ్యండి డాక్టరుగారూ" అని. కూతురికి ఇరవై రెండేళ్ళు. చెంపల మీద ఎర్రటి మచ్చలు, కీళ్ళనొప్పులు, పొద్దున్న లేచేసరికి కళ్ళకింద వాపు. మూత్రంలో ప్రోటీను పోతోంది. లూపస్ అనే జబ్బు మూత్రపిండాలకు పాకింది.

ఈ జబ్బు ఎక్కువగా పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళకు వస్తుంది. ఒంటికి కాపలా కాయవలసిన తెల్లరక్తకణాలు సొంత ఒంటినే శత్రువనుకుంటాయి. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల సన్నటి జల్లెడలుంటాయి. రక్తంలో తయారైన యాంటీబాడీలు వాటిలో పేరుకుంటాయి. వాటి వెనకే కణాలు గుంపులుగా వచ్చి చేరతాయి. 2019లో అమెరికా శాస్త్రజ్ఞులు ఇలాంటి రోగుల కిడ్నీ ముక్కల్లోని కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, 21 రకాల రక్షకకణాలు అక్కడ పనిచేస్తున్నాయని ప్రకటించారు. ఆ రోగుల మూత్రంలో దొరికిన కణాలు కూడా కిడ్నీలోని వాటిని పోలి ఉన్నాయట. ఎప్పటికైనా సూదికి బదులు మూత్రపరీక్షే సరిపోవచ్చు. ఆ రోజు ఇంకా రాలేదు.

ఇద్దరు రోగులకు మూత్రంలో ప్రోటీను ఒకే మోతాదులో పోవచ్చు. ఒకరి కిడ్నీలో ఉన్నది వాపు. మందులకు అది లొంగుతుంది. రెండోవారిలో ఉన్నది మానిపోయిన గాయపు మచ్చ. దానికి ఏ మందూ పనిచేయదు, ఎంత వాడినా ఒంటికి చేటే. మైక్రోస్కోపు కింద చూసే డాక్టరు వాపుకు 24కి, మచ్చకు 12కి మార్కులు వేస్తాడు. ఈ పరీక్షలో మార్కులు తక్కువ వస్తేనే సంతోషం! కణాలు జల్లెడల్లోనే కాక, వాటి పక్కనున్న గొట్టాల మధ్య కూడా దట్టంగా చేరితే మరింత జాగ్రత్త పడాలి.

మరి నొప్పి? బోర్లా పడుకోబెట్టి, మత్తుసూది వేసి, స్కానింగులో చూస్తూ అగ్గిపుల్లకన్న సన్నటి ముక్క తీస్తారు. తరువాత కొన్ని గంటలు కదలకుండా పడుకోవాలి. ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావచ్చు. రక్తస్రావం ఎక్కువ కావడం అరుదు. ఆస్పిరిన్ వాడుతుంటే ముందే చెప్పండి.

ఆ తల్లి మర్నాడు ఒప్పుకుంది. అమ్మాయికి వాపు బాగా ఉంది, మచ్చ నామమాత్రం. వెంటనే ప్రెడ్నిసొలోన్, మైకోఫెనొలేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలుపెట్టాం.

మూడు నెలల్లో ప్రోటీను కనీసం నాలుగోవంతు, ఆరు నెలల్లో సగం తగ్గాలి. తగ్గకపోతే నేను మొదట అడిగేది, మాత్రలు నిజంగా వేసుకుంటున్నారా అని. మొహం ఉబ్బిందని ప్రెడ్నిసొలోన్ మానేసే ఆడపిల్లలు చాలామంది. తిట్టను, కాని మానేసిన సంగతి దాచకండి. మూత్రం బాగుపడినా, రెండోసారి ముక్క తీస్తే లోపల కణాలు ఇంకా కనబడడం కద్దు. అందుకే తీవ్రమైన రకాల్లో మందులు మూడేళ్ళకు తక్కువ కాకుండా వాడమంటాం. కీళ్ళనొప్పులకని మందుల షాపులో అడిగి మాత్రలు కొనుక్కోవద్దు. వాటిలో చాలావరకు మూత్రపిండాలకు పడవు.

పెళ్ళి సంబంధం కుదిరితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. మైకోఫెనొలేట్ వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు ప్రమాదం. జబ్బు కనీసం ఆరు నెలలు అణిగి ఉన్నాక, మందు మార్చి, అప్పుడు గర్భానికి అనుమతిస్తాం.