ఆటగాడిని ఎన్నుకోవడం, నిలుపుకోవడం

పదకొండుమంది ఆడే ఆటలో ఒకడు వెనుకబడినా మిగిలిన పదిమంది ఆ లోటును కొంతవరకు పూడ్చగలరు. బాస్కెట్‌బాల్‌లో ఒక పక్షాన నిలిచేది అయిదుగురే. అందులో ఒక్కడు జట్టును విడిచిపోతే అయిదవ వంతు బలం పోయినట్టే. కళాశాలల బాస్కెట్‌బాల్‌లో మంచి ఆటగాడిని వెదకి తెచ్చుకోవడం, తెచ్చుకొన్నవాడిని నిలుపుకోవడం అంత పెద్ద సమస్య కావడానికి మూలం ఈ చిన్న లెక్కలోనే ఉన్నది.

ఈ ఆట పుట్టినదే విద్యాలయంలో. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో, జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు చలికాలంలో విద్యార్థులకు కాలక్షేపంగా ఉండవలెనని పండ్ల బుట్టలు రెండు బాల్కనీ అంచుకు కొట్టించి దీనిని ఆడించినాడు. ఆనాటి తరగతిలో పద్దెనిమిదిమంది ఉన్నందువల్ల పక్షానికి తొమ్మిదిమంది చొప్పున ఆడినారు. ఆనాడు బుట్ట పది అడుగుల ఎత్తున ఉన్నది, నేటికీ అంతే. చేతివాటం నేర్పవచ్చు, పరుగు నేర్పవచ్చు. ఎత్తును మాత్రం ఏ గురువూ నేర్పలేడు. కనుకనే పొడగరి బాలుడి కోసం వెదుకులాట.

అమెరికాలో ఈ వెదుకులాట ఒక వృత్తిగా మారినది. విద్యార్థి ఉన్నతపాఠశాలలో ఉండగానే శిక్షకులు అతని ఆట చూచి, ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడి, చదువు ఖర్చు భరిస్తామని మాట ఇస్తారు. 1964లో మొదలైన ఒక అంగీకారపత్రం మీద సంతకం చేసిన విద్యార్థి ఆ కళాశాలకే కట్టుబడి ఉండేవాడు. మరొక కళాశాలకు మారితే ఒక సంవత్సరం ఆడకుండా కూర్చోవలసి వచ్చేది. ఈ కట్టుబాట్లు క్రమంగా సడలిపోయినవి. 2018లో మారదలచినవారి పేర్లు నమోదు చేసే పద్ధతి వచ్చినది. 2021లో మొదటిసారి మారేవారికి ఆ ఏడాది నిరీక్షణ తొలగినది. అదే సంవత్సరం ఆటగాళ్లు తమ పేరుప్రతిష్ఠల మీద ధనం సంపాదించుకొనే హక్కు పొందినారు. 2024లో ఆ అంగీకారపత్రమే రద్దయినది. 2025 నుండి కళాశాలలే ఆటగాళ్లకు నేరుగా ధనం ఇవ్వడానికి అనుమతి కలిగినది. ఫలితంగా అక్కడి శిక్షకుడు నేడు కొత్తవారిని వెదకడంతోపాటు, తన వద్ద ఉన్నవారిని ఏటేటా మళ్లీ ఒప్పించుకోవలసి వస్తున్నది. కట్టివేయడం వేరు, నిలుపుకోవడం వేరు అన్న సంగతి అక్కడ ఆలస్యంగా తెలిసివచ్చినది.

ఈ సంగతి తెలిసిన మహానుభావుడొకరు మన హైదరాబాదులోనే ఉండేవారు. ఆయన ఆట ఫుట్‌బాల్ అయినా, పాఠం అన్ని ఆటలకూ చెల్లుతుంది. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరాలు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. కలకత్తా సంఘాలవలె పెద్ద మొత్తాలు ఇచ్చే శక్తి ఇక్కడ లేదు. ఉన్నది పోలీసు ఉద్యోగమనే ఆధారం, గురువు చూపిన శ్రద్ధ.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం కథ ఇందుకు నిదర్శనం. రహీం ఆ యువకుడి ప్రతిభ గుర్తించి సాధనకు రమ్మన్నారు. అంత దూరం వచ్చే స్తోమత తనకు లేదన్నాడు బలరాం. రహీం అద్దె సైకిలుకు డబ్బు ఇచ్చి రప్పించుకొన్నారు. ఆ బలరాం 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లినాడు. మన జట్టు అక్కడ నాలుగవ స్థానం పొందినది. ఒక సైకిలు అద్దె ఒక దేశానికి ఆటగాడిని సంపాదించి పెట్టినది.

అయితే 1957లో బలరాం కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ సంఘానికి వెళ్లిపోయినాడు. అప్పుడు హైదరాబాదు ఫుట్‌బాల్ కూలిపోయినదా? లేదు. ఒకరు వెళ్లే నాటికి మరొకరు సిద్ధంగా ఉండేటట్లు రహీం చిన్నపిల్లలకు ప్రత్యేకంగా పోటీలు పెట్టించేవారు. 1963లో ఆయన మరణించిన తరువాతనే ఆ ఊట క్రమంగా సన్నగిల్లినది. వెళ్లేవాడిని ఆపలేకపోవడం కాదు అసలు నష్టం; తయారుచేసేవాడు లేకపోవడం.

ఇప్పుడు మన హుజూర్‌నగర్ వైపు చూతము. సాగర్ ఎడమకాలువ నీటితో వరి పండే ఈ ప్రాంతంలో కబడ్డీ, వాలీబాల్ ఎరుగని పల్లె అరుదు. అటువంటి ఒక పల్లెలో పదహారేళ్లకే ఆరడుగులు దాటిన బాలుడు ఒకడున్నాడనుకొందాము. మన కళాశాల అతనిని వెదుక్కుంటూ వెళ్లదు. మార్కుల పట్టికతో అతడే కళాశాలను వెదుక్కుంటూ వస్తాడు. చేరేది ఇంటర్మీడియేటులో. ఎముక గట్టిపడి, ఆట కుదురుకొనే వయస్సు అదే. ప్రవేశపరీక్షల భయం కమ్ముకొనే వయస్సూ అదే. సాయంకాలం సాధన ముగించేసరికి ఊరికి చివరి బస్సు వెళ్లిపోతుంది. నాలుగు రోజులు నడిచి, అయిదవ రోజు మానివేస్తాడు. ఆడపిల్ల అయితే ఆ నాలుగు రోజులు కూడా ఉండవు. అతనిని ఏ పెద్ద నగరమూ ఎగరేసుకొని పోలేదు. మన చేతిలోనుండే జారిపోయినాడు.

మన దేశంలో ఆటగాడిని నిలిపేది చాలవరకు ఉద్యోగమే. రైల్వేలు, పోలీసుశాఖ, బ్యాంకులు క్రీడాకారులను చేర్చుకొంటున్నవి. కాని ఆ గడప చేరేవరకు నడిపించవలసిన బాధ్యత కళాశాలది. అందుకు కావలసిన సాధనాలు గొప్పవి కావు. చుట్టుపట్ల ఉన్నతపాఠశాలల పోటీలకు వ్యాయామోపాధ్యాయుడు స్వయంగా వెళ్లి చూడవలెను. చివరి బస్సు వేళకు ముందే సాధన ముగియవలెను, లేదా వసతిగృహంలో చోటు చూపవలెను. సాధన తరువాత గ్రుడ్డు, పాలు, కొన్ని వేరుసెనగలు దొరకవలెను. పోటీల మూలంగా పోయిన పాఠాలను ఎవరైనా కూర్చోబెట్టి చెప్పవలెను. తల్లిదండ్రులకు ఏడాదికి ఒక్కసారైనా పిల్లవాడి ఆట చూపవలెను. బిడ్డ పేరు పదిమంది నోట విన్న తండ్రి ఆట మానిపించడానికి వెనుకాడుతాడు.

ఇంత చేసినా అతడు మరింత మంచి శిక్షణ కోసం హైదరాబాదు వెళ్లిపోవచ్చును. వెళ్లనివ్వండి. నారుమడిలో మొలకెత్తిన నారు మడిలోనే ఉండిపోతే పంట పండదు. మడి యజమాని విచారించవలసినది నారు పోయినదని కాదు, వచ్చే ఏడు విత్తనం సిద్ధంగా ఉన్నదా లేదా అని.