ఉరుము వినగానే ఫైబర్ వైర్ పీకేస్తున్నారా? పీకాల్సింది అది కాదు.. వికారాబాద్, తాండూరులో నెట్ కనెక్టర్‌కు అసలు శత్రువు ఇదీ!

వికారాబాద్/తాండూరు: మబ్బు పట్టి నాలుగు ఉరుములు ఉరిమాయంటే చాలు, చాలా ఇళ్లలో ముందు టీవీ ఆపుతారు. ఆ తర్వాత నెట్ బాక్స్ వెనక ఉన్న సన్నటి ఫైబర్ వైర్ పీకేస్తారు. బాక్స్ అడాప్టర్ మాత్రం ప్లగ్గులోనే ఉంటుంది. నిజానికి ఇది తలకిందుల జాగ్రత్త. ఫైబర్‌లో కరెంటు పారదు, వెలుతురు మాత్రమే పోతుంది. పిడుగు దెబ్బ బాక్స్‌కు ఎక్కువగా తగిలేది కరెంటు లైన్ మీదుగా, అంటే అడాప్టర్ నుంచే. పైగా పీకిన వైర్ మూతి వాన తగ్గేదాకా టేబుల్ మీద దుమ్ములో పడి ఉంటుంది. మళ్లీ గుచ్చాక ఫోన్‌లో వీడియో గిర్రున తిరుగుతుంటే పిడుగు మీదకు నెట్టేస్తాం.

కరెంటు తీగలు, రేడియో తరంగాలు, స్టాటిక్.. వీటితో ఫైబర్ కనెక్టర్‌కు ముప్పు ఎంత? ఈ ప్రశ్న వికారాబాద్ జిల్లాలో మిగతా చోట్ల కంటే కాస్త ఎక్కువే అడగాలి. ఇక్కడ 25 వేల వోల్టుల రైలు లైన్ ఉంది. దామగుండంలో నేవీ రేడియో స్టేషన్ వస్తోంది. తాండూరులో బండల పొడి, సిమెంట్ దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు.

నేవీ స్టేషన్ వస్తే నెట్ ఆగిపోతుందా?

2024 అక్టోబర్ 15న పూడూరు మండలం దామగుండం అడవిలో నేవీ వీఎల్ఎఫ్ స్టేషన్‌కు రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. తమిళనాడులోని తిరునెల్వేలి దగ్గరున్న ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఇలాంటి స్టేషన్ ఇది రెండోది. సముద్రంలో మునిగి ఉన్న సబ్‌మెరైన్లకు సందేశాలు పంపడం దీని పని. అడవి, చెట్ల మీద జరిగిన వాదన వేరే పెద్ద కథ. ఇక్కడ మనకు కావాల్సింది ఒక్కటే.. అంత పెద్ద రేడియో పక్కన ఉంటే ఫైబర్ నెట్‌కు ఏమైనా అవుతుందా?

ఫైబర్ గాజుకైతే ఏమీ కాదు. వీఎల్ఎఫ్ అంటే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే తరంగాలు. ఇంటి నెట్ బాక్స్‌కు వచ్చే వెలుతురు 1490 నానోమీటర్లది, దాని ఫ్రీక్వెన్సీ దాదాపు 200 టెరాహెర్ట్జ్. 30 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే ఇది 670 కోట్ల రెట్లు ఎక్కువ. కానీ అసలు కారణం ఈ లెక్క కూడా కాదు. రాగి తీగలో తిరిగే ఎలక్ట్రాన్లు ఉంటాయి, బయటి తరంగం వాటిని కదిలిస్తుంది, అదే మనకు గరగరమనే శబ్దంగా వినిపిస్తుంది. గాజులో అలా తిరిగే ఎలక్ట్రాన్లు లేవు. వెలుతురుకు చార్జ్ లేదు. పట్టుకుని లాగడానికి అక్కడ ఏమీ లేదన్నమాట.

పూర్తిగా ఏమీ ఉండదా అంటే, చిన్న మినహాయింపు ఒకటుంది. అయస్కాంత క్షేత్రం వెలుతురు కంపించే దిశను కొద్దిగా తిప్పగలదని మైకేల్ ఫారడే 1845లోనే చూపించారు. హైటెన్షన్ టవర్ల పైన పోయే ఎర్త్ వైర్ లోపల ఫైబర్ పెడతారు. దాని మీద పిడుగు పడితే ఊళ్ల మధ్య నడిచే భారీ లింకుల్లో ఈ తిప్పుడు వల్ల క్షణకాలం తేడా రావచ్చు. మన ఇంటి కనెక్షన్ ఆ దిశ మీద ఆధారపడదు కాబట్టి దీన్ని పక్కన పెట్టేయొచ్చు.

రైలు పట్టాల పక్కన ఇదే అసలు లాభం

వికారాబాద్, తాండూరు మీదుగా వాడి వెళ్లే లైన్‌లో ఇప్పుడు రైళ్లు కరెంటుతో నడుస్తున్నాయి. పైన తీగలో 25 వేల వోల్టులు. దాని పక్కనే కిలోమీటర్ల కొద్దీ రాగి టెలిఫోన్ కేబుల్ వేస్తే, తాకకుండానే ఆ కేబుల్‌లో వోల్టేజ్ పుడుతుంది. రాగి కేబుల్ వాడాల్సిన చోట రైల్వే అల్యూమినియం పొర చుట్టిన ప్రత్యేక రకం వాడేది అందుకే. ఫైబర్‌లో సిగ్నల్ వరకు ఆ గొడవే లేదు.

ఈ లైన్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థను మొదట పరీక్షించింది లింగంపల్లి, వికారాబాద్, వాడి, బీదర్ సెక్షన్లలోనే. ప్రయాణికుల రైళ్ల మీద ట్రయల్స్ 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఇంజిన్‌లో కూర్చుని చూశారు. ఎదుటి ఇంజిన్‌కు 380 మీటర్ల దూరంలో బండి తనంతట తానే ఆగింది. టీవీలో అందరం చూసిన సీన్ అది.

కవచ్‌లో ఇంజిన్, స్టేషన్ మధ్య సంభాషణ రేడియోలో జరుగుతుంది. స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య మాత్రం ఆప్టికల్ ఫైబరే. అంటే ఏదో ఒక రిలే రూమ్‌లో, ఏదో ఒక ర్యాక్‌లో చిటికెన వేలంత కనెక్టర్ ఒకటి సరిగ్గా కూర్చుని ఉండాలి. అది మురికిగా ఉంటే 25 వేల వోల్టులను తట్టుకున్న లింక్ కూడా చిన్న దుమ్ము రేణువుకు తడబడుతుంది.

మరి షీల్డింగ్ ఎవరికి?

ఫైబర్‌కు అవసరం లేకపోతే కనెక్టర్ల దగ్గర ఆ స్టీల్ డబ్బాలు, స్ప్రింగ్ పళ్లు, ఎర్త్ వైర్లు ఎందుకు? అవి వెలుతురు కోసం కాదు. వెలుతురు కరెంటుగా మారే చోటు కోసం. ఫైబర్ చివర ఒక చిన్న లేజర్, ఒక రిసీవర్ ఉంటాయి. రిసీవర్ దగ్గరకు వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. దాన్ని పెంచే సర్క్యూట్‌లోకి బయటి గోల దూరితే డేటా తప్పులు వస్తాయి. అందుకే స్విచ్‌లలో గుచ్చే ఎస్ఎఫ్‌పీ మాడ్యూల్‌ను లోహపు గూడులో పెడతారు. ఆ గూడు రెండు పనులు చేస్తుంది. బయటి గోలను లోపలికి రానివ్వదు. లోపల సెకనుకు వందల కోట్ల సార్లు మారే కరెంటు గోలను బయటికి పోనివ్వదు. అసలు ఈ రెండో పని కోసమే ఎక్కువ కష్టపడాల్సి వస్తుంది.

గూడుకు కన్నం ఉంటే? కన్నం తరంగం పొడవు కంటే బాగా చిన్నదైతే పెద్దగా లీక్ కాదు. మైక్రోవేవ్ ఓవెన్ తలుపు జాలీలో ఉన్న సూత్రమే ఇదీ. ఫైబర్ దూరే రంధ్రం కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి పర్వాలేదు. ఖాళీగా వదిలేసిన స్లాట్ మాత్రం పెద్ద కన్నమే. ఆ స్లాట్‌కు వచ్చే మూతను పక్కన పడేస్తే గోలకూ దారి, దుమ్ముకూ దారి. కేబుల్ ఆపరేటర్ల గదుల్లో, సెల్ టవర్ల కింద క్యాబినెట్లలో ఈ మూత విలువ ఎక్కువ. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేకపోయినా మీకూ సంబంధం ఉంది, మీ ఫోన్ డేటా టవర్ నుంచి ముందుకు వెళ్లేది చాలాచోట్ల ఫైబర్‌లోనే.

తాండూరు దుమ్ము.. స్టాటిక్.. 9 మైక్రాన్లు

ఇక అసలు విషయం. సింగిల్ మోడ్ ఫైబర్‌లో వెలుతురు నడిచే దారి వెడల్పు 9 మైక్రాన్లు. మన వెంట్రుక మందం దాదాపు 70. సిమెంట్ రేణువుల్లో చాలావరకు 45 మైక్రాన్ల లోపే ఉంటాయి. అంటే ఒక్క రేణువు సరిగ్గా మధ్యలో అతుక్కుంటే దారి మొత్తం మూసేయగలదు. తాండూరు చుట్టూ బండల గనులు, పాలిషింగ్ యూనిట్లు, కరన్‌కోట్ వైపు సిమెంట్ తయారీ.. ఆ తెల్లటి పొడి చెట్ల ఆకుల మీద, బైక్ సీట్ల మీద కనిపించే ఊరు ఇది. కనెక్టర్‌ను మాత్రం వదులుతుందా?

ఇక్కడే స్టాటిక్ చేరుతుంది. కనెక్టర్ ముందు తెల్లగా కనిపించే సన్నటి గొట్టాన్ని ఫెరూల్ అంటారు. ఇళ్లలో వాడే ఎస్‌సీ రకంలో దాని మందం 2.5 మిల్లీమీటర్లు. జిర్కోనియా అనే సిరామిక్‌తో చేస్తారు. సిరామిక్, గాజు రెండూ కరెంటును పోనివ్వవు, అందుకే వాటి మీద పుట్టిన చార్జ్ తొందరగా దిగిపోదు. పొడి గుడ్డతో రుద్దామంటే దువ్వెనకు కాగితం ముక్కలు ఎగిరొచ్చి అతుక్కున్నట్టే గాలిలోని పొడి ఎగిరొచ్చి అతుక్కుంటుంది. శుభ్రం చేస్తున్నాం అనుకుంటూ దుమ్మును పిలుస్తున్నామన్నమాట. చలికాలం మధ్యాహ్నాలు గాలి పొడిగా ఉంటే ఇది ఇంకా ఎక్కువ. స్వెటర్ విప్పేటప్పుడు చిటపటమంటుందే, అదే.

చొక్కా కొంగుతో తుడవడం, నోటితో ఊదడం.. రెండూ వద్దు. చొక్కా చార్జ్‌ను, నూలు పోగులను ఇస్తుంది, నోరు తేమను ఇస్తుంది. పద్ధతి తెలిసిన టెక్నీషియన్ పోగులు రాలని వైప్ మీద కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి, తడి నుంచి పొడి వైపు ఒకే దిశలో గీస్తారు. తడి ఉన్నప్పుడు చార్జ్ అంతగా పుట్టదు. లేదంటే నొక్కితే టిక్‌మనే క్లీనింగ్ పెన్ వాడతారు. ముందు మైక్రోస్కోప్‌లో చూడటం, తుడవడం, మళ్లీ చూడటం, అప్పుడు గుచ్చడం. ఇదీ వరుస. మురికి కనెక్టర్‌ను అలాగే గుచ్చితే ఎదుటి దాని మూతికీ అంటుతుంది. గట్టి రేణువైతే రెండు గాజు ముఖాల మధ్య నలిగి గీత పడుతుంది. గీతను ఏ ఆల్కహాలూ తుడవలేదు, కనెక్టర్ మార్చాల్సిందే.

నష్టం ఎంత అంటే, 1 డెసిబెల్ పోతే వెలుతురులో ఐదో వంతు పోయినట్టు. 3 పోతే సగం. మీ బాక్స్ సెట్టింగ్స్ పేజీలో ఆప్టికల్ పవర్ అనే లైన్ ఉంటే చూడండి, మైనస్ అంకె కనిపిస్తుంది. మామూలుగా మైనస్ 27 దగ్గరకు వచ్చిందంటే అంచున ఉన్నట్టే. నెట్ వస్తూ పోతూ ఉండటం, సాయంత్రం వీడియో ఆగి ఆగి రావడం అలాంటప్పుడు జరగొచ్చు. ముందు నుంచి మైనస్ 20 చూపించేది ఒక్కసారిగా మైనస్ 25 అయితే ఆపరేటర్‌కు ఆ రెండు అంకెలూ చెప్పండి. "నెట్ స్లో" అనే కంప్లయింట్ కంటే ఇది వాళ్లకు బాగా పనికొస్తుంది.

స్టాటిక్ వల్ల చిప్ పోతుందా? పోవచ్చు. మన వేలికి చురుక్కుమనాలంటే దాదాపు 3 వేల వోల్టులు కావాలి. సున్నితమైన లేజర్, రిసీవర్ చిప్‌లకు కొన్నింటికి వందల్లో ఉన్నా చాలు. అంటే మనకు తెలియకుండానే దెబ్బ తగలొచ్చు. డబ్బాలో బిగించిన ఇంటి బాక్స్‌కు రక్షణ ఉంటుంది కానీ, విడి ఎస్ఎఫ్‌పీ మాడ్యూల్‌ను చేత్తో పట్టుకునేవాళ్లు ఎర్త్ చేసిన రిస్ట్ స్ట్రాప్ కట్టుకోవాలి. అది లేకపోతే కనీసం ముందు ర్యాక్ లోహాన్ని తాకి చార్జ్ దించుకోవాలి. మాడ్యూల్‌ను స్టాటిక్ కవర్‌లోనే పెట్టాలి, జేబులో వేసుకుని బైక్ మీద తిరగడం కాదు.

పిడుగు ఏ దారిన వస్తుంది?

ఫైబర్ గాజు కరెంటు మోయదు, నిజమే. కానీ కేబుల్ అంటే గాజు ఒక్కటే కాదు. భూమిలో వేసే కొన్ని కేబుళ్లకు ఎలుకలు కొరకకుండా స్టీల్ పొర ఉంటుంది. స్తంభం నుంచి ఇంటికి లాగే సన్న కేబుల్‌లో బరువు మోయడానికి తరచూ స్టీల్ తీగ ఉంటుంది. ఆ స్టీల్‌కు కరెంటు స్తంభం మీద లైన్ తగిలినా, దగ్గర్లో పిడుగు పడినా వోల్టేజ్ మీ గోడ దాకా రావచ్చు. అందుకే స్టీల్ తీగను ఇంటి బయటే క్లాంప్‌కు ఆపేసి, లోపలికి గాజు భాగాన్ని మాత్రమే తేవాలి. భూమిలో వేసిన కేబుల్ స్టీల్ పొరను బాక్స్ దగ్గర ఎర్త్ చేయాలి. అసలు లోహమే లేని కేబుల్ కూడా దొరుకుతుంది. హైటెన్షన్ లైన్ల వెంట, పట్టాల దగ్గర దానికి మించిన షీల్డింగ్ లేదు. మీ ఇంటి కనెక్షన్ కొత్తగా వేయిస్తుంటే ఆ సన్న తీగ కిటికీ దాటి లోపలికి వస్తోందేమో ఒక్కసారి చూసుకోండి.

ఉరుములు దూరంగా ఉన్నప్పుడే అడాప్టర్ ప్లగ్ తీసేయండి. బాక్స్ నుంచి టీవీకో కంప్యూటర్‌కో రాగి ల్యాన్ వైర్ ఉంటే అదీ తీయండి, ఆ దారిలోనూ దెబ్బ ప్రయాణిస్తుంది. మెరుపులు నెత్తిమీదకు వచ్చేశాక మాత్రం దేన్నీ ముట్టుకోవద్దు. ఫైబర్ వైర్‌ను అలాగే ఉంచండి.

కరెంటు వచ్చాక ఎల్ఓఎస్ లైట్ ఎర్రగా వెలుగుతుంటే బాక్స్ బతికే ఉంది, వెలుతురే అందట్లేదు అని అర్థం. కేబుల్ ఎక్కడో తెగి ఉండాలి, వంగి ఉండాలి, లేదా కనెక్టర్ కదిలి ఉండాలి. లైట్లేవీ వెలగకపోతే ముందు అడాప్టర్ మార్చి చూడండి. వైర్ మూతిలోకి కన్ను పెట్టి వెలుతురు వస్తోందా అని మాత్రం చూడొద్దు, అది ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనిపించదు కానీ తగులుతుంది. ఇంకో మాట, ఆకుపచ్చ కనెక్టర్ మూతి 8 డిగ్రీలు ఏటవాలుగా చెక్కి ఉంటుంది, నీలం రంగుది ఏటవాలు కాదు. పోర్టులో పడుతోంది కదా అని ఒకదాంట్లో ఇంకోటి గుచ్చితే మధ్యలో గాలి సందు మిగిలి, దుమ్ము లేకుండానే సిగ్నల్ పడిపోతుంది.